ఇంటర్ అయ్యింది, ఫైర్‌మన్ అవుతానంటున్నాడు

ప్రశ్న: మాది జమ్మికుంట దగ్గర పల్లె. మా అబ్బాయి ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. పోయిన ఎండాకాలం దగ్గర్లోని పత్తి మిల్లులో నిప్పంటుకుంటే ఫైరింజన్ వాళ్లు రాత్రంతా ఉండి ఆర్పారు. వీడు తెల్లారేదాకా అక్కడే నిలబడి చూశాడు. అప్పటి నుంచి ఒకటే మాట, ఫైర్‌మన్ అవుతానని. వాళ్లమ్మకు భయం. ఇంతలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేస్తే గవర్నమెంటు ఉద్యోగం ఖాయమంటున్నారు. ఫీజు 85 వేలు, ముందు పది వేలు అడ్వాన్స్. కట్టమంటారా?

జవాబు: ముందు డబ్బుల సంగతి. ఆ పది వేలు కట్టకండి. తెలంగాణలో ఫైర్‌మన్ ఉద్యోగానికి ఏ డిప్లొమా అక్కర్లేదు, ఇంటర్ చాలు. పోలీసు నియామక మండలి వాళ్లే కానిస్టేబుళ్లతో పాటు ఈ పోస్టులూ భర్తీ చేస్తారు. రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, మళ్లీ రాత పరీక్ష. ఎంపికైతే శిక్షణ కూడా ప్రభుత్వమే ఇస్తుంది, హైదరాబాద్ పక్కన వట్టినాగులపల్లిలో. ఫైర్ అండ్ సేఫ్టీ కోర్సులన్నీ పనికిరావని కాదు. కంపెనీల్లో సేఫ్టీ పనికో, గల్ఫ్‌కో వెళ్లేవాళ్లకు కొన్ని అక్కరకొస్తాయి. కానీ 'ఉద్యోగం ఖాయం' అన్న మాట ఎవరి నోట వచ్చినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఈ రంగంలో పెద్ద చదువే కావాలంటే నాగపూర్‌లో కేంద్ర హోంశాఖ కింద నడిచే జాతీయ అగ్నిమాపక కళాశాల ఉంది. 1956లో మొదలైంది, ఫైర్ ఇంజినీరింగ్ డిగ్రీ అక్కడ చదవచ్చు.

ఇక అబ్బాయి సంగతి. వాడు చూసింది ఒక్క రాత్రి. మిగతా రోజులు ఎలా ఉంటాయో కూడా వాడికి తెలియాలి.

ఒకసారి ఒక చిన్న టౌన్‌లో ఫైర్ స్టేషన్ ఆఫీసర్ అనుమతి తీసుకుని సగం రోజు అక్కడ కూర్చున్నాను. ఒక్క కాల్ కూడా రాలేదు. పొద్దున్నే బండి స్టార్ట్ చేసి పంపు నడిపి చూశారు. తడిసిన హోస్ పైపులు ఆరబెట్టారు, చిరుగులు వెతికారు. ఒకాయన వాచ్‌రూమ్‌లో ఫోన్ పక్కనే కూర్చున్నాడు, రిజిస్టర్ రాసుకుంటూ. మధ్యాహ్నం నాకే విసుగొచ్చింది. ఉద్యోగంలో ఎక్కువ భాగం ఇదే. ఎప్పుడో మోగే ఫోన్ కోసం రోజూ సిద్ధంగా ఉండాలి. ధైర్యం ఉన్న కుర్రాళ్లను చాలామందిని చూశాను, ఈ ఓపిక ఉన్నవాళ్లు తక్కువ. మీవాడు ఇంట్లో బండికి చైన్ ఆయిల్ తనంతట తాను వేస్తాడా, చెప్పి చెప్పి వేయించాలా? నవ్వుకోకండి, ఈ ఉద్యోగానికి నేను ముందు అడిగే ప్రశ్న అదే.

టౌన్ స్టేషన్‌లో ఉండే మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ల ట్యాంకు ఉన్న ఫైరింజన్‌లో, 4,500 లీటర్ల నీళ్లు పడతాయి. వినడానికి చాలా అనిపిస్తుంది. రెండు పైపులు ఆపకుండా నడిస్తే ఐదారు నిమిషాల్లో ఖాళీ. తర్వాత నీళ్లెక్కడివి? ఏ బావిలో ఎండాకాలం కూడా నీళ్లుంటాయి, ఏ గల్లీలో బండి తిరగదు, రాత్రిపూట ఏ మిల్లు గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది, ఇవన్నీ స్టేషన్‌లో పాత మనుషుల తలల్లో ఉంటాయి. బండి నడిపి, పంపు చూసుకునే డ్రైవర్ ఆపరేటర్ దగ్గర మరీ ఎక్కువ. కొత్త కుర్రాడు నేర్చుకోవాల్సింది అక్కడే, ఏ కోర్సులోనూ ఆ పాఠం ఉండదు.

పత్తి మంట అంటే మీకు నేను చెప్పాలా? పైన మంట ఆరినట్టే కనిపిస్తుంది, బేలు (నొక్కి కట్టిన పత్తి మూట) లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. నీళ్లు లోపలికి దిగవు. ఒక్కో బేలు లాగి, విప్పి, తడపాలి. మీవాడు ఆ రాత్రంతా చూసింది ఆ చాకిరీనే. ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం జరుపుతారు కదా, దాని వెనకా పత్తే ఉంది. 1944లో అదే రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు కలిపి మోసుకొచ్చిన ఒక ఓడలో మధ్యాహ్నం పొగ కనిపించింది. ఫైర్‌మెన్ వెళ్లి రెండు గంటలు నీళ్లు కొడుతూనే ఉన్నారు. నాలుగు దాటాక ఓడ పేలింది. 66 మంది ఫైర్‌మెన్ చనిపోయారు.

ఇది చదివితే మీ ఇంటావిడ భయం పెరుగుతుందని తెలుసు. కానీ ప్రమాదం లేదని నేను అబద్ధం చెప్పలేను. మంట కంటే పొగ ఎక్కువ ప్రమాదం. అందుకే గాలి సిలిండర్ వీపున తగిలించుకుని లోపలికి వెళ్తారు. కరెంటు తీయించకుండా నీళ్లు కొట్టరు. ఒంటరిగా లోపలికి వెళ్లరు. ఈ పద్ధతులన్నీ శిక్షణలో ఒంటికి పట్టేదాకా చేయిస్తారు. అమ్మకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, అది మంటల గురించి కాదు. బావిలో పడిన గేదెను తీయడానికి పిలిచేదీ వీళ్లనే, చెరువులో మునిగిన పిల్లాడి శవాన్ని తీయడానికి పిలిచేదీ వీళ్లనే. చిన్న ఊళ్లో ఆ పిల్లాడి తండ్రి తెలిసినవాడే అయి ఉంటాడు. ఒక లీడింగ్ ఫైర్‌మన్ నాతో అన్నాడు, మంటల కాల్స్ మర్చిపోతాను సార్, బావి కాల్స్ మర్చిపోలేను అని. దీపావళి రాత్రి కొడుకు ఇంట్లో ఉంటాడన్న ఆశ కూడా ఆవిడ వదులుకోవాలి.

ఇంత చెప్పినా వాడి మనసు మారకపోతే, మొదట కళ్ల పరీక్ష చేయించండి. వర్ణాంధత్వం ఉంటే దారి అక్కడితో మూసుకుపోతుంది. మెల్లకన్ను, చదును పాదాలు ఉన్నా కష్టమే. ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3, గాలి పీల్చితే ఐదు పెరగాలి. 2022 నోటిఫికేషన్‌లో 1,600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. పరుగు ఇవాళే మొదలుపెట్టించండి, ఖర్చు లేని కోచింగ్ అది.

కానీ నోటిఫికేషన్ కోసం ఖాళీగా కూర్చోనివ్వకండి. 2018 తర్వాత మళ్లీ 2022 దాకా రాలేదు. ఆ నాలుగేళ్లూ రూములు అద్దెకు తీసుకుని ఎదురుచూసిన పిల్లలు నాకు తెలుసు. డిగ్రీలో చేర్పించండి. డిగ్రీ ఉంటే స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పోస్టుకూ రాయొచ్చు, ఫైర్‌మన్‌గా చేరి మెట్టుమెట్టుగా ఎక్కే అవసరం ఉండదు. ఎంపీసీ కాబట్టి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్ఎఫ్‌లో కానిస్టేబుల్ ఫైర్ కూడా చూడండి. సైన్స్‌తో ఇంటర్ చాలు. వయసు 18 నుంచి 23, ఎత్తు 170 సెంటీమీటర్లు, 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి. 2024లో 1,130 పోస్టులు వేశారు. కాకపోతే దేశంలో ఎక్కడికైనా వేస్తారు, జమ్మికుంట బావులు తెలిసినా అక్కడ ఉపయోగం లేదు.

ఏప్రిల్ 14 నుంచి 20 దాకా వారోత్సవాల్లో స్టేషన్ వాళ్లు అందరికీ బండి, సామాను చూపించి చెప్తారు. అప్పటిదాకా ఆగలేకపోతే ఒకరోజు స్టేషన్‌కు వెళ్లి ఆఫీసర్‌ను అడగండి. మీ ఇంటావిడను కూడా తీసుకెళ్లండి. తన ప్రశ్నలు తనే అడగనివ్వండి, మధ్యలో మీరు జవాబులు చెప్పకండి. వాడు మాత్రం సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి, ఫోన్ జేబులో పెట్టుకుని.