క్యాంపస్ వైఫైలో మార్పులు ముందు ఫోన్లలో కనిపిస్తాయి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీ కాలేజీలో వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు, అంటే యాక్సెస్ పాయింట్లు, డెబ్బై దాకా ఉన్నాయి, చూసుకునేది మీరొక్కరే. మూడేళ్ల కిందటే వైఫై 6 పెట్టారు, ఇప్పుడు మేనేజ్‌మెంట్ దాని తర్వాతి తరమైన వైఫై 7కి మారదామంటోంది. ఏటా వచ్చే మార్పులను ఎలా అందుకోవాలి, ఏం చదవాలి, సర్టిఫికేషన్ చేయాలా అని అడిగారు.

నేను గుంటూరు వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పద్నాలుగేళ్లుగా నెట్‌వర్క్ చూస్తున్నాను. ఐదు బ్లాకులు, మూడు హాస్టళ్లు. వైఫై 4తో మొదలుపెట్టి 6 దాకా వచ్చాం, ఈ ఏడాది 7 కూడా కొన్ని పెట్టాం. ఇన్నేళ్లలో మమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టిన మార్పులు మేం కొన్న పెట్టెల వల్ల రాలేదండి, పిల్లల చేతుల్లోని ఫోన్ల వల్ల వచ్చాయి. అందుకే నేను ముందు ఫోన్లలో ఏం మారుతోందో చూస్తాను, తర్వాత మన దేశపు నిబంధనలు, ఆ తర్వాత మా కేబుళ్లు, స్విచ్‌లు. కొత్త స్టాండర్డ్ గురించి చదవడం ఆఖరున.

2021లో కోవిడ్ తర్వాత హాస్టళ్లు తెరిచినప్పటి సంగతి చెప్తాను. అప్పటిదాకా ప్రతి విద్యార్థి ఫోన్, ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబర్లు) రాయించుకుని, యాక్సెస్ పాయింట్లన్నిటినీ నడిపే కంట్రోలర్‌లో ఎక్కించేవాళ్లం. లిస్టులో ఉన్న అడ్రస్‌కే నెట్ వస్తుంది. ఏళ్ల తరబడి బాగానే నడిచింది. పిల్లలు తిరిగొచ్చిన మొదటి వారంలోనే సర్వర్ రూమ్ ముందు క్యూ కట్టారు. రిజిస్టర్ చేసిన ఫోనే, నెట్ మాత్రం రాదు. హాస్టల్ నెట్‌వర్క్‌లో ఒక అడ్రస్ కనిపిస్తోంది, అదే ఫోన్ లైబ్రరీకి వెళ్తే ఇంకో అడ్రస్. రెండు రోజులు కంట్రోలర్‌లోనే తప్పు వెతికాను. నిద్ర లేదు, టెన్షన్. చివరికి తెలిసిందేమిటంటే, 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020 సెప్టెంబర్‌లో వచ్చిన ఐఓఎస్ 14 ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో దొంగ మ్యాక్ అడ్రస్ ఇవ్వడం మొదలుపెట్టాయి. కోవిడ్ వల్ల క్యాంపస్ ఖాళీగా ఉండటంతో మాకు ఒక్కసారిగా తగిలింది.

ఆ మార్పు మంచిదే. మ్యాక్ అడ్రస్ పట్టుకుని మనిషి ఏ షాపులో ఎంతసేపు ఉన్నాడో గమనించే పద్ధతిని ఆపడానికి తెచ్చారు. కానీ ఆ సంగతి ముందే అందరికీ చెప్పారు, నేనే చదవలేదు. మొదట రెండు వారాలు ఆ సెట్టింగ్ ఆఫ్ చేయండని నోటీసులు అంటించాం. అది తప్పని త్వరగానే అర్థమైంది. పిల్లల భద్రత తగ్గించి మన పని తేలిక చేసుకోకూడదు. అందుకే ఆ సెమిస్టర్‌లోనే, పరికరాన్ని కాక మనిషి లాగిన్‌ను చూసే 802.1ఎక్స్ పద్ధతికి మారాం. పాత సర్వర్ ఒకదాని మీద లాగిన్‌లను సరిచూసే రేడియస్ సాఫ్ట్‌వేర్ ఫ్రీరేడియస్ పెట్టి, రోల్ నంబర్‌తో ప్రతి ఒక్కరికీ సొంత లాగిన్ ఇచ్చాం.

అక్కడ రెండో దెబ్బ తగిలింది. రేడియస్ సర్వర్‌కి మేమే తయారు చేసుకున్న సర్టిఫికెట్ (సర్వర్ అసలుదేనని ఫోన్‌కి చూపే డిజిటల్ పత్రం) పెట్టి, ఫోన్‌లో "డోంట్ వాలిడేట్" (సరిచూడొద్దు) ఎంచుకోమని చెప్పాం. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ ఆప్షనే లేదు. 2020 డిసెంబర్ అప్‌డేట్‌తో మొదలుపెట్టి దాన్ని తీసేస్తూ వచ్చారు. ఎందుకో ఆలోచిస్తే భయం వేసింది. ఎవరైనా క్యాంటీన్‌లో కూర్చుని మా నెట్‌వర్క్ పేరుతోనే ఇంకో యాక్సెస్ పాయింట్ నడిపితే, సర్టిఫికెట్ చూడని ఫోన్లన్నీ దానికి లాగిన్ వివరాలు అందించడానికి సిద్ధంగా ఉంటాయి. కాలేజీ డొమైన్ పేరుతో సరైన సర్టిఫికెట్ తీసుకుని, ఫోన్‌లో డొమైన్ పేరు కూడా ఇవ్వాలని పిల్లలకు నేర్పించాం. ఆ సర్టిఫికెట్ గడువు తేదీని క్యాలెండర్‌లో నెల ముందుగా గుర్తు పెట్టుకోండి. గడువు దాటిన రోజు క్యాంపస్ మొత్తానికి నెట్ పోతుంది.

ఈ లాగిన్ పద్ధతి ఇంకో రకంగానూ అవసరమైంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, సిస్టమ్‌ల లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందన్న రికార్డులు) 180 రోజులు దాచాలి, గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలిసి ఉండాలి. మ్యాక్ అడ్రస్ మారిపోతూ ఉంటే ఆ లాగ్‌లో మనిషి ఎవరో దొరకడు. మీ దగ్గర ఇంకా ఒకే పాస్‌వర్డ్‌ను అందరికీ పంచుతుంటే, వైఫై 7 కంటే ముందు చేయాల్సిన పని ఇదే. ఫ్రీరేడియస్‌కి లైసెన్స్ ఖర్చు లేదు. రేడియస్ ఒకసారి కుదిరాక విద్యాసంస్థలు ఒకరి లాగిన్‌ను ఒకరు ఒప్పుకునే ఎడ్యురోమ్‌లో చేరడం కూడా తేలికవుతుంది, మన దేశంలో దాన్ని విద్యాసంస్థల నెట్‌వర్క్ చూసే ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ నడుపుతోంది. అప్పుడు మీ లెక్చరర్లు అందులో ఉన్న ఏ యూనివర్సిటీకి వెళ్లినా మీ కాలేజీ లాగిన్‌తోనే నెట్ వస్తుంది.

అప్పటి నుంచి నా టేబుల్ డ్రాయర్‌లో ఐదారు ఫోన్లు ఉంచుకుంటున్నాను. రెండు పాత ఐఫోన్లు, మిగతావి పిల్లలు ఎక్కువగా వాడే తక్కువ ధర ఆండ్రాయిడ్‌లు. ఏటా జూన్‌లో యాపిల్ కొత్త ఐఓఎస్ బీటా (పరీక్ష వెర్షన్) ఇస్తుంది, ఆండ్రాయిడ్ బీటాలు కూడా కొత్త వెర్షన్‌కి కొన్ని నెలల ముందే వస్తాయి. బీటా ఎక్కే ఫోన్లలో ఎక్కించి హాస్టల్‌లో, ల్యాబ్‌లో, గెస్ట్ నెట్‌వర్క్‌లో కలిపి చూస్తాను. ఒక పూట పని. 2024లో ఐఓఎస్ 18 వచ్చినప్పుడు పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌లలో అడ్రస్ కొన్నాళ్లకోసారి తనంతట తానే మారుతుందని ఇలాగే ముందుగా తెలిసింది. మా గెస్ట్ పోర్టల్ (అతిథులు లాగిన్ అయ్యే పేజీ) ఒకసారి లాగిన్ అయితే ఆ అడ్రస్‌ను నెలరోజులు గుర్తుపెట్టుకునేది. ఆ గడువును వారానికి కుదించి, సెమినార్లకు వచ్చేవాళ్లకు ముందే చెప్పి పెట్టాం. ఆసారి సర్వర్ రూమ్ ముందు క్యూ లేదు.

ఇక నిబంధనలు. వైఫై వాడే రేడియో తరంగాల భాగాన్ని బ్యాండ్ అంటారు, అందులో ఒక్కో దారి ఒక ఛానల్, దాని వెడల్పును మెగాహెర్ట్జ్‌లో చెప్తారు. వైఫై 7 గురించి చెప్పే 320 మెగాహెర్ట్జ్ ఛానల్ 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మాత్రమే ఉంటుంది. అమెరికాలో 2020లోనే ఆ బ్యాండ్‌లో 1200 మెగాహెర్ట్జ్ లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చారు. 2022లో మా దగ్గరికి ఒక సేల్స్ అబ్బాయి వైఫై 6ఈ (6 గిగాహెర్ట్జ్‌లో కూడా నడిచే వైఫై 6) కొటేషన్ పట్టుకుని వచ్చాడు. "6 గిగాహెర్ట్జ్ రేడియో ఇండియా సెట్టింగ్‌లో ఆన్ అవుతుందా బాబూ" అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు, మళ్లీ రాలేదు. అప్పటికి మన దేశంలో ఆ బ్యాండ్‌ను వైఫైకి వదల్లేదు. కొని ఉంటే ఆ బ్యాండ్ కోసం పెట్టిన మూడో రేడియోకి డబ్బు కట్టి ఖాళీగా ఉంచేవాళ్లం. 2025 మేలో టెలికాం శాఖ 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ పవర్‌తో, ప్రధానంగా భవనాల లోపల లైసెన్స్ లేకుండా వాడుకునేలా ముసాయిదా నిబంధనలు ఇచ్చింది. అంటే 500 మెగాహెర్ట్జ్. అందులో 160 మెగాహెర్ట్జ్ ఛానళ్లు మూడు పడతాయి, 320 మెగాహెర్ట్జ్‌ది ఒక్కటే. యాక్సెస్ పాయింట్లు పక్కపక్కనే ఉండే హాస్టల్‌లో ఆ ఒక్కదాన్ని అందరూ పంచుకోలేరు. మీరు ఆర్డర్ పెట్టే ముందు గెజిట్‌లో ఆ రోజుకి ఉన్న నిబంధన చదవండి. ఆ మోడల్‌కి టెలికాం శాఖలో రేడియో పరికరాలను చూసే డబ్ల్యూపీసీ విభాగం అనుమతి ఉందా, అందులో 6 గిగాహెర్ట్జ్ కూడా ఉందా అని వెండర్‌ను రాతపూర్వకంగా అడగండి.

ఛానల్ వెడల్పు విషయంలో నేనే పెద్ద తప్పు చేశాను. 2018 వేసవిలో బాయ్స్ హాస్టల్‌లో 802.11ఏసీ, అంటే వైఫై 5, యాక్సెస్ పాయింట్లు పెట్టించాం. పెట్టినవాళ్లు అన్నిటికీ 80 మెగాహెర్ట్జ్ ఇచ్చి వెళ్లారు. ఎక్కువ వెడల్పుంటే ఎక్కువ స్పీడని నేనూ ఒప్పుకున్నాను. పైగా అన్నీ కారిడార్‌లో వరసగా బిగించారు. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, రాత్రి తొమ్మిదయ్యేసరికి వీడియో కూడా కదలదు. కారిడార్‌లో అడ్డం లేకపోవడంతో యాక్సెస్ పాయింట్లన్నీ ఒకదాని మాట ఒకటి వింటున్నాయి. గదిలో ఉన్న ఫోన్‌కి మాత్రం గోడ, ఇనుప బీరువా అడ్డం. అప్పట్లో 80 మెగాహెర్ట్జ్‌తో చేతికొచ్చే ఛానళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఒక ఛానల్‌లో ఒకసారికి ఒకరే మాట్లాడాలి కాబట్టి, నాలుగు అంతస్తుల పిల్లలందరూ ఒకే దారిలో వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు అయింది.

ఒక సెలవు వారంలో మా ఎలక్ట్రీషియన్‌తో కలిసి యాక్సెస్ పాయింట్లను గదుల్లోకి మార్చాం, మూడు గదులకు ఒకటి చొప్పున. వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి దించాం, పవర్ తగ్గించాం, 2.4 గిగాహెర్ట్జ్‌ని మూడింటిలో రెండిట్లో ఆపేశాం. పిల్లలు కొత్త లైన్ తీసుకున్నారా సార్ అని అడిగారు. బయటి నుంచి నెట్ తెచ్చే లీజ్డ్ లైన్ అదే, యాక్సెస్ పాయింట్లూ అవే. అదే ఏడాది అక్టోబర్‌లో టెలికాం శాఖ 5 గిగాహెర్ట్జ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్స్ లేకుండా ఇచ్చిందని నాకు ఏడాది తర్వాత కానీ తెలియలేదు. తెలిశాక యాక్సెస్ పాయింట్ల లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) మార్చి ఆ ఛానళ్లు కూడా వాడుకున్నాం. మీ హాస్టల్‌లో ఏ యాక్సెస్ పాయింట్ ఎంత వెడల్పుతో నడుస్తోందో ఈ సాయంత్రమే కంట్రోలర్‌లో చూడండి.

కేబుళ్ల గురించి కొంచెం. వైఫై 6 యాక్సెస్ పాయింట్లు కొన్నప్పుడు నెట్ కేబుల్ మీదే వాటికి కరెంటు పంపే మా స్విచ్‌లు పోర్టుకి 15.4 వాట్లు ఇచ్చే పాతవి. యాక్సెస్ పాయింట్‌కి 30 వాట్ల స్విచ్ కావాలి. తక్కువ కరెంటు అందితే అది ఆగిపోదు, లోపలి రేడియో భాగాలు కొన్ని ఆపేసుకుని నిశ్శబ్దంగా తగ్గి నడుస్తుంది. మేం దాన్ని నాలుగు నెలలకు కనిపెట్టాం. అలాగే గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. కేబుల్ చివర ప్లగ్ బిగింపు (క్రింపింగ్) వదులైనా, ఎలుక ఒక జత కొరికినా లింక్ 100 మెగాబిట్‌కి పడిపోవచ్చు, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. స్విచ్‌లో ఏ పోర్ట్ 100 మీద ఉందో నెలకోసారి చూస్తే చాలు. క్యాట్ 5ఈ కేబుల్ బాగుంటే 2.5 గిగాబిట్‌కి కూడా పనికొస్తుంది, మొత్తం పీకేయమని ఎవరైనా అంటే ముందు టెస్ట్ చేయించండి.

చదవడానికి నేను పెట్టే టైమ్ నెలకు మూడు నాలుగు గంటలే. మా కంట్రోలర్ ఫర్మ్‌వేర్ రిలీజ్ నోట్స్ పూర్తిగా చదువుతాను, ముఖ్యంగా ఇంకా సరిచేయని లోపాల భాగం. కొత్త వెర్షన్‌ను ముందు లైబ్రరీ బ్లాక్‌లో రెండు వారాలు నడిపాకే మిగతా చోట్ల వేస్తాను. మిడ్ పరీక్షలప్పుడు అసలు ముట్టుకోను. ఆసియా-పసిఫిక్ దేశాలకు ఐపీ అడ్రస్‌లు పంచే ఏపీనిక్ సంస్థ అకాడమీలో నెట్‌వర్కింగ్ కోర్సులు ఉచితం. వైఫైకి మూలమైన ఐఈఈఈ 802 స్టాండర్డ్‌లు ప్రచురించిన ఆరు నెలల తర్వాత ఉచితంగా దించుకోవచ్చు, కానీ వేల పేజీలు, మనకు అంత అవసరం రాదు. సర్టిఫికేషన్ అంటే ఏ పరికరాల కంపెనీకీ చెందని వైఫై సర్టిఫికేషన్ సీడబ్ల్యూఎన్‌ఏ సిలబస్ చదవండి. పరీక్ష రాసినా రాయకపోయినా రేడియో ఎలా నడుస్తుందో అర్థమవుతుంది, ఆ భాగం ఏళ్లు గడిచినా పాతబడదు. వీటన్నిటికంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది మా చుట్టుపక్కల కాలేజీల అడ్మిన్‌ల వాట్సాప్ గ్రూప్. పన్నెండు మందిమి ఉన్నాం. ఒక వెర్షన్ ఒక కాలేజీలో ఇబ్బంది పెడితే సాయంత్రానికి మిగతా పదకొండు మందికీ తెలుస్తుంది. మీ జిల్లాలో లేకపోతే మీరే మొదలుపెట్టండి.

ఇక మేనేజ్‌మెంట్‌కి ఏం చెప్పాలి? వైఫై 7 చెడ్డదని చెప్పకండి, అది నిజం కాదు. 2024 జనవరి నుంచి దాని పరికరాలకు సర్టిఫికేషన్ ఇస్తున్నారు, ఒకేసారి రెండు బ్యాండ్లు వాడుకునే ఎంఎల్‌ఓ మంచి సౌకర్యం. కానీ దాని లాభం వైఫై 7 ఫోన్ ఉన్నవాళ్లకే పూర్తిగా అందుతుంది. 6 గిగాహెర్ట్జ్‌లో డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతి తప్పనిసరి కూడా. 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ2 మాత్రమే తెలిసిన పాత ప్రింటర్లు, బయోమెట్రిక్ హాజరు మెషీన్ల కోసం విడిగా ఒక నెట్‌వర్క్ ఉంచుకోవాలి. కంట్రోలర్‌లో క్లయింట్ల (కలిసిన ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల) లిస్ట్ తీసి, ఎన్ని వైఫై 5, ఎన్ని 6, ఎన్ని 7 అని లెక్కపెట్టి కరస్పాండెంట్ గారి ముందు పెట్టండి. మా దగ్గర పోయిన సెమిస్టర్‌లో సగానికి పైగా వైఫై 5 ఫోన్లే కనిపించాయి. ఆ కాగితం చూపించి మేం ఈ ఏడాది బడ్జెట్‌ను స్విచ్‌లకు, గర్ల్స్ హాస్టల్ కేబులింగ్‌కు మళ్లించుకున్నాం. వైఫై 7 పెట్టెలు ఎనిమిది మాత్రం తీసుకుని సెమినార్ హాల్‌లో, సీఎస్‌ఈ ల్యాబ్‌లో పెట్టాం.

మీ స్విచ్ మోడల్, హాస్టల్‌లో ఒక్కో అంతస్తుకి ఎన్ని గదులు, యాక్సెస్ పాయింట్లు గదుల్లో ఉన్నాయా కారిడార్‌లో ఉన్నాయా అన్నది కింద రాయండి. ఏ బ్లాక్ నుంచి మొదలుపెట్టాలో కలిసి చూద్దాం.