ఓవేర్ చర్చి మీద వ్యాసం రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపింది రాత్రే చదివేశా. డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన, ఫ్రాన్స్‌లోని ఓవేర్ అనే ఊరి చర్చి బొమ్మ గురించి కదా, ఎత్తుకోవడమే "చావు నీడ కమ్ముకున్న చర్చి" అని ఎత్తుకున్నావ్, ఇక ఆఖరిదాకా ఆ నీడే, బొమ్మ ఎక్కడా కనబడలా. 1890 జూన్ మొదట్లో వేశాడు, ఆత్మహత్య చేసుకుని జులై 29న పోయాడు, నిజమే. కానీ ఆ సంగతి నీకు తెలుసు, బొమ్మకి తెలీదుగా, నువ్వేమో ప్రతి గీతలోనూ అదే వెతికావ్.

ఈ బొమ్మ గురించి చెల్లెలు విల్‌కి ఉత్తరం రాశాడు, అది చదివావా? అందులో ఏడుపేం లేదయ్యా, అన్నీ రంగులే. ఆకాశం అచ్చమైన కోబాల్ట్ నీలమట, కిటికీ అద్దాలు అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం మచ్చలట, కప్పు వయొలెట్, అక్కడక్కడ ఆరెంజ్, ముందు ఎండపడ్డ గులాబీరంగు ఇసుక. ఒకప్పుడు న్యూనెన్‌లో పాత చర్చి టవర్‌ని వేశాను కదా దాదాపు అలాంటిదే, కాకపోతే ఇప్పుడు రంగు ఇంకా నిండుగా పలుకుతోంది అంటాడు. న్యూనెన్ అంటే వాళ్ళ నాన్న పాస్టరుగా ఉన్న ఊరు, 1885లో ఆయన పోయింది కూడా అక్కడే, అయినా చెల్లెలికి చెప్పింది రంగు ముచ్చటే. నాకైతే అక్కడే గొంతు పట్టేసింది.

సరే, నువ్వు వదిలేసినవి చెప్తా. అతను నిలబడింది చర్చి వెనకవైపు, అందుకే గుమ్మం కనబడదు, ఇది నీ వ్యాసంలో లేదు. ఎండంతా దారి మీద, గడ్డి మీద ఉంది, చర్చేమో తన నీడలో తానుంది. కప్పు అంచు ఒక్కటీ తిన్నగా లేదు, అంత రాతికట్టడమూ సెగ తగిలిన మైనంలా వంగిపోయింది. దారి చర్చి ముందు రెండుగా చీలుతుంది, ఎడమ దార్లో ఒకావిడ వెళ్ళిపోతోంది, వీపు మనవైపు. ఇంత ఉండగా నీకు నీడే దొరికిందా?

పుస్తకాల్లో ప్రింట్ నమ్మకు, నీలాన్ని చంపేస్తారు. అసలుది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది, 94 సెంటీమీటర్ల ఎత్తు, మంచి ఫోటో దొరకబుచ్చుకుని జూమ్ చేసుకుని చూడు.

చూశాక ఆవిడ మీద ఒక్క పేరా రాయి. ఎక్కడికెళ్తోందో, ఏం ఆలోచిస్తోందో వద్దు, ఎక్కడుందో, పక్కనేముందో చాలు. ఆత్మహత్య అన్న మాట ఎక్కడా రాకూడదు. శుక్రవారం లోపు పంపు, ఆ తర్వాత నేను ఊళ్ళో ఉండను.