కేబిన్ అద్దెలో వంటగది కూడా ఉంది

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. నేను, నా భార్య, పదేళ్ల బాబు, ఏడేళ్ల పాప. గుంటూరు నుంచి మా అమ్మ వచ్చి ఉంది, ఆమె గుడ్డు కూడా ముట్టదు. ఆగస్టు చివరి వారంలో స్కాట్లాండ్‌లోని అబర్‌ఫెల్డీ ఊరి బయట ఒక చెక్క కేబిన్‌కి ఏడు రాత్రులకు 1,250 పౌండ్లు అడుగుతున్నారు. అదే కేబిన్ సెప్టెంబరు రెండో వారంలో 950కి వస్తుంది. మా చేతిలో మొత్తం 2,600 పౌండ్లున్నాయి. రోజూ రాత్రి భోజనం బయటే చేసి, తిరుగు దారిలో ఒక రాత్రి ఎడింబరాలో ఉందామనుకుంటే లెక్క తేలడం లేదు. క్రెడిట్ కార్డు మీద ఇంకో 1,500 వాడి ఏడాదిలో తీర్చుకోవచ్చా? ఎక్కడ తినాలి, ఏం చూడాలి, ఏదైనా పాస్ కొనాలా?

జవాబు: కార్డు అప్పు వద్దు. 24.9 శాతం ఏపీఆర్ (ఏడాది వడ్డీ రేటు) మీద 1,500 పౌండ్లు తీసుకుని 12 సమాన వాయిదాల్లో కడితే వడ్డీయే దాదాపు 190 అవుతుంది. పైగా మీకు ఆ డబ్బు అవసరమే లేదు. మీ ప్లానులో బరువంతా రెండు చోట్ల ఉంది: ఏడు రాత్రుల హోటల్ భోజనం, ఎడింబరా రాత్రి. ఆ రెండూ సర్దితే 2,600లోనే ప్రయాణం ముగించి కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు.

ముందు తేదీల సంగతి. సెప్టెంబరులో 300 తగ్గుతుందని ఆశపడకండి. ఇంగ్లండ్‌లో అప్పటికి బడులు తెరిచేస్తారు. అనుమతి లేకుండా వారం రోజులు మాన్పిస్తే ఒక్కో బిడ్డకు, తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి చొప్పున జరిమానా వేయొచ్చు. 21 రోజుల్లోగా కడితే ఒక్కొక్కటి 80 పౌండ్లు, ఆ గడువు దాటితే 160. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు కాబట్టి నాలుగు జరిమానాలు, 320 పౌండ్లు. మిగిలిందనుకున్న 300 పోగా ఇంకో 20 చేతినుంచి పడుతుంది. ఆగస్టు చివరి వారమే మంచిది. స్కాట్లాండ్ బడులు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు కనుక స్థానిక కుటుంబాల రద్దీ అప్పటికి తగ్గుతుంది. ఆ నెలాఖరు సోమవారం ఇంగ్లండ్‌లో బ్యాంకు సెలవు (అందరికీ ప్రభుత్వ సెలవు), స్కాట్లాండ్‌లో ఆ సెలవు ఆగస్టు మొదటి సోమవారమే అయిపోతుంది. మీ ప్రయాణం ఆ వారాంతంలో పడితే ఇంగ్లండ్ వైపు రోడ్లు నిండిపోతాయి, తెల్లారకముందే బయల్దేరండి.

ఎడింబరా రాత్రిని మాత్రం కొట్టేయండి. ఆగస్టంతా అక్కడ ఫెస్టివల్ సీజన్, హోటల్ గదుల ధరలు ఏడాదిలో అత్యధికంగా ఉండే రోజులవి. దానికి తోడు 2026 జులై 24 నుంచి ఆ నగరంలో గది అద్దె మీద 5 శాతం సందర్శకుల పన్ను కూడా ఉంది. అబర్‌ఫెల్డీ నుంచి లీడ్స్ సుమారు 290 మైళ్లు, ఒక్క పగటి ప్రయాణమే. దారిలో వచ్చే ఫోర్త్ నది వంతెన మీద 2008 నుంచి టోల్ లేదు.

ఇక అసలు విషయం తిండి. 1,250 పౌండ్ల అద్దెలో స్టవ్, ఫ్రిజ్, ఓవెన్, గిన్నెలు అన్నీ కలిసే ఉన్నాయి. వాటిని వాడకుండా రోజూ రాత్రి ఐదుగురు బయట తింటే పూటకు 130 చొప్పున వారానికి 910. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పల్లె పబ్బుల్లో చాలావాటికి వంటగది రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకే మూతపడుతుంది. లోయల్లో తిరిగి అలసి ఎనిమిదింటికి చేరితే దొరికేది చిప్స్ ప్యాకెట్టే. తిరిగి కేబిన్‌కు వెళ్లేది ఒక్క కారు పట్టే ఇరుకు దారి, చీకట్లో జింకలు అడ్డం వస్తాయి. డ్రైవింగ్ చేసేవాళ్లు మందు జోలికి పోకూడదు. స్కాట్లాండ్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములే, ఇంగ్లండ్‌లో అది 80. లీడ్స్ లెక్క అక్కడ పనికిరాదు.

కాబట్టి బయట తినేది మధ్యాహ్నం పెట్టుకోండి, రాత్రి కేబిన్‌లో వండుకోండి. మధ్యాహ్నం సూప్, శాండ్‌విచ్, బేక్డ్ పొటాటోలతో ఐదుగురికి 75లో అవుతుంది. నాలుగు మధ్యాహ్నాలు, ఒక్క రాత్రి బయట, మిగిలిన రోజులు పెరుగన్నం డబ్బా. పబ్బులో నీళ్ల సీసా కొనకండి, మద్యం లైసెన్స్ ఉన్న చోట కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాల్సిందే.

కందిపప్పు, చింతపండు, కరివేపాకు, పోపు డబ్బా లీడ్స్‌లోనే కట్టుకోండి, అబర్‌ఫెల్డీలో దొరుకుతాయని అనుకోవద్దు. మీ ఐదుగురికి ఎనిమిది పూటలకు 4 కిలోల బియ్యం, కిలో కందిపప్పు చాలు. పాలు, కూరగాయలు, బ్రెడ్, పళ్లు దారిలో పెర్త్‌లోని టెస్కోలోనో ఆస్డాలోనో ఒక్కసారే కొనండి. అబర్‌ఫెల్డీలో కోఆప్ అనే చిన్న సరుకుల కొట్టు ఉంది కానీ దాన్ని మధ్యలో పాలకోసం ఉంచుకోండి. చిన్న కొట్టుకు రోజూ వెళ్తే రోజుకు 15, 20 తెలియకుండానే పోతాయి.

బుక్ చేసే ముందు యజమానిని ఒక్క మాట అడగండి: స్టవ్ ఇండక్షనా? అయితే అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు. అడుగు స్టీలుదైన కుక్కర్ గానీ కరెంటు రైస్ కుక్కర్ గానీ పట్టుకెళ్లాలి. ఇక పోపు సంగతి. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ఇళ్లలో పొగ అలారాలు, వంటగదిలోని వేడి అలారం ఒకదానికొకటి కలిపి ఉండాలి. ఎండుమిర్చి పొగ నడవలోకి పోయి ఒకటి మోగిందంటే ఇల్లంతా మోగుతుంది. ఫ్యాన్ వేసి, గది తలుపు మూసి, కిటికీ తీసి పోపు పెట్టండి. తెల్లటి గట్టు మీద పసుపు మరక పడితే అప్పుడే తుడిచేయండి, డిపాజిట్‌లో కోతలు వచ్చేది ఎక్కువగా ఇలాంటి వాటికే.

అమ్మగారికి బయట ఏం పెట్టాలన్నది జాగ్రత్తగా చూడాలి. మెనూలో లెంటిల్ సూప్ కనిపించగానే పప్పుచారు అనుకుని తెప్పించకండి. స్కాట్లాండ్‌లో సంప్రదాయంగా దాన్ని పంది ఎముక ఉడికించిన నీళ్లతో చేస్తారు, స్టాక్ దేనిదో అడగాలి. కొన్ని దుకాణాల్లో చిప్స్ పశువుల కొవ్వులో వేయిస్తారు, అదీ అడగాలి. టీతో తినే స్కోన్ అనే బన్నుల మీద తరచూ గుడ్డు పూస్తారు. ఆమె నిశ్చింతగా తినగలిగింది షార్ట్‌బ్రెడ్: వెన్న, చక్కెర, పిండి, అంతే. ఓట్‌కేక్ అనే ఓట్స్ బిస్కెట్టు కూడా మంచిదే, పందికొవ్వు లేదని లేబుల్ చూసుకుని కొనండి. హాగిస్ స్కాట్లాండ్ వాళ్ల మాంసం వంటకం, కానీ ఓట్స్, పప్పులతో చేసే శాకాహార హాగిస్ సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది, ఓవెన్‌లో వేడి చేసుకుంటే ఒక రాత్రి పని తప్పుతుంది. పిల్లలు మంట దగ్గర కాల్చుకునే మార్ష్‌మాలో మిఠాయిలో పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, ఆమె పళ్లెంలో పెట్టొద్దు.

తిరగడం రోజుకో దిక్కు చొప్పున పెట్టుకోండి. పొద్దున తూర్పున ఉన్న పిట్లోక్రీ, సాయంత్రం పడమట ఉన్న కిలిన్ అంటే పెట్రోలూ పోతుంది, పిల్లలూ విసుగెత్తిపోతారు.

ఒక రోజు కారు కదపకండి. ఊరి పక్కనే బర్క్స్ లోయ ఉంది, 1787లో కవి రాబర్ట్ బర్న్స్ నడిచింది ఇక్కడే. రెండు మైళ్ల పైచిలుకు చుట్టు, పైన మోనెస్ జలపాతం, టికెట్ లేదు. మెట్లూ ఎక్కుడూ ఉన్నాయి కాబట్టి అమ్మగారితో మొదటి కొంత దూరం నడిచి వెనక్కి రండి, పిల్లల్ని ఒకరు పైదాకా తీసుకెళ్లొచ్చు. తర్వాత 1733 నాటి వేడ్ వంతెన చూసి, పాత ఓట్స్ మిల్లులో నడిచే వాటర్‌మిల్‌లో భోజనం చేయండి. కిందా పైనా పుస్తకాలు, లోపల కఫే. పిల్లలు అక్కడ గంట కూర్చుంటారు, పుస్తకం కొనమంటారు, దానికో పది పక్కన పెట్టుకోండి.

తూర్పు రోజున 15 మైళ్ల దూరంలోని పిట్లోక్రీ. డ్యామ్ దగ్గర సాల్మన్ చేపలు ఎగువకు ఎక్కడానికి కట్టిన నిచ్చెన చూడండి: 34 తొట్లు, 310 మీటర్ల పొడవు, చూడ్డానికి డబ్బులక్కర్లేదు. అక్కడినుంచి ఉత్తరానికి పది మైళ్లు పోతే హౌస్ ఆఫ్ బ్రూవర్. అదో ఖరీదైన దుకాణాల సముదాయం. రెస్టారెంట్ బాగుంటుంది, తినేసి ఉన్ని శాలువాల గదిలోకి వెళ్లకుండా వెనకవైపు తలుపులోంచి బ్రూవర్ జలపాతాల దారి పట్టండి. అది ఉచితం. దారిలో బ్లెయిర్ కోటకు టికెట్ ఉంది, తీసుకుంటే కుటుంబ టికెట్ తీసుకోండి.

పడమట 22 మైళ్లలో కిలిన్, డోకార్ట్ జలపాతం ఊరి వంతెన మీదనుంచే కనిపిస్తుంది. మధ్యలో లాక్ టే సరస్సు ఒడ్డున క్రానాగ్ కేంద్రం. ఇనుప యుగంలో మనుషులు నీళ్ల మీద కట్టుకున్న ఇళ్ల జీవితాన్ని అక్కడ చేసి చూపిస్తారు. పాతది 2021లో కాలిపోయింది, 2024లో ఉత్తర ఒడ్డున కొత్తది తెరిచారు. డబ్బు పెట్టి చూడాల్సింది ఒక్కటే అంటే ఇదే, మీ పిల్లల వయసుకు కోటకన్నా ఎక్కువ పట్టేస్తుంది. డంకెల్డ్ దగ్గరి హెర్మిటేజ్ అడవిని ప్రత్యేకంగా ఒక రోజు చేయొద్దు, వచ్చేటప్పుడో పోయేటప్పుడో చూడండి. దారి చదునుగా ఉంటుంది, అమ్మగారు నడవగలరు.

పాస్ విషయం: పాత కోటల్లాంటివి చూసుకునే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ వాళ్ల ఎక్స్‌ప్లోరర్ పాస్ మీకు గిట్టదు, మీరు తిరిగే చోట వాళ్లవి చాలా తక్కువ. ఇంగ్లండ్‌లో నేషనల్ ట్రస్ట్ (పాత భవనాలు, ప్రకృతి స్థలాలు కాపాడే స్వచ్ఛంద సంస్థ) సభ్యత్వం ఉంటే ఆ కార్డుతోనే స్కాట్లాండ్ నేషనల్ ట్రస్ట్ స్థలాల్లోకి వెళ్లొచ్చు, హెర్మిటేజ్, బెన్ లాయర్స్ కొండ దగ్గర పార్కింగ్ కలిసొస్తుంది. లేకపోతే ఈ ఒక్క వారం కోసం కొనకండి. ఏడాది పొడవునా తిరిగే అలవాటుంటే మాత్రం రెండు ట్రస్టుల కుటుంబ ధరలూ పోల్చి చూడండి. స్కాట్లాండ్ వాళ్ల సభ్యత్వం ఇంగ్లండ్‌లోనూ చెల్లుతుంది.

మీ లెక్క ఇలా వేశాను. 800 మైళ్లకు, గ్యాలన్‌కు 40 మైళ్లిచ్చే కారులో, లీటరు 1.40 అనుకుంటే పెట్రోలు 130. సరుకులు 240. నాలుగు మధ్యాహ్నాలు 300, ఒక రాత్రి 130. టీ, ఐస్‌క్రీములు 70. టికెట్లు 160. పార్కింగ్, పొయ్యి కట్టెలు, మిడ్జ్ అనే నలుసంత దోమలకు మందు కలిపి 60. మొత్తం 1,090. అద్దె పోగా మీకున్నవి 1,350, అంటే 260 మిగులు. అందులో 150 టైరు పంక్చరుకో మందులకో ఉంచండి. మీది ఐదు సీట్ల కారైతే వెనక రెండు పిల్లల సీట్ల మధ్య అమ్మగారు కూర్చోగలరా అన్నది ఇంటి దగ్గరే సీట్లు బిగించి చూసుకోండి. పన్నెండేళ్లు నిండకుండా, ఎత్తు 135 సెంటీమీటర్లకు తక్కువుంటే సీటు తప్పదు. సరిపోక అద్దె కారు తీసుకోవాల్సి వస్తే ఈ లెక్కంతా మారిపోతుంది.

కేబిన్ డబ్బు కట్టేది మాత్రం క్రెడిట్ కార్డుతోనే, బిల్లు రాగానే పూర్తిగా తీర్చేసేట్టు. ధర 100 నుంచి 30,000 పౌండ్ల మధ్య ఉంటే 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద యజమానితో పాటు కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది, అడ్వాన్సు మాత్రమే కార్డుతో కట్టినా సరే. మధ్యలో బుకింగ్ సైటు డబ్బు తీసుకుంటే ఆ రక్షణ తెగిపోవచ్చు, కాబట్టి వీలైతే యజమానికే నేరుగా కట్టండి. నేరుగా కట్టేముందు లైసెన్స్ నంబరు అడగండి. స్కాట్లాండ్‌లో ఇలాంటి స్వల్పకాలిక అద్దె ఇళ్లకు లైసెన్స్ తప్పనిసరి, ప్రకటనలోనే నంబరు ఉండాలి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మాత్రమే కావాలంటే ఆ కేబిన్ వదిలేయండి. అమ్మగారి ట్రావెల్ ఇన్సూరెన్స్ తిరుగు టికెట్ తేదీదాకా ఉందో లేదో ఇవాళే చూడండి, విజిటర్‌గా వచ్చినవాళ్లు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే బిల్లు వేస్తారు.

పౌండు నాణేలు ఓ పది జేబులో ఉంచుకోండి, సిగ్నల్ లేని చోట పార్కింగ్ యాప్ పనిచేయదు. చిల్లరగా వచ్చిన స్కాటిష్ బ్యాంకు నోట్లను సరిహద్దు దాటకముందే పెట్రోలు బంకులో ఇచ్చేయండి, లీడ్స్ కొట్లలో కొందరు తీసుకోరు.