చెరువు లేకుండా కప్ప పిల్లలు పెరుగుతాయా? వెదురు బొంగులో కాపురముండే కప్ప

నీటి గుంట లేని చోట కప్పలు సంతానాన్ని ఎలా పెంచుతాయని, వెదురు బొంగులో గుడ్లు పెట్టే కప్ప నిజంగానే ఉందా అని మీరు అడిగారు. నిజంగానే ఉంది. తమిళనాడులోని కళక్కాడు ముండన్‌తురై పులుల అభయారణ్యంలో, అటవీ శాఖ అనుమతితో పనిచేస్తున్న పరిశోధకుల వెంట సహాయకుడిగా వెళ్లినప్పుడు నేను దానిని దగ్గర నుంచి చూశాను.

దాని శాస్త్రీయ నామం రావోర్కెస్టెస్ చాలజోడెస్. బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దదిగా, ఆకుపచ్చని ఒంటి మీద తెల్లని చుక్కలతో ఉంటుంది. 1876లో జంతుశాస్త్రవేత్త గుంథర్ దీనిని వర్ణించిన తరువాత శతాబ్దానికి పైగా దీని జాడ దొరకలేదు. ఇది వెదురులో సంతానోత్పత్తి చేస్తుందన్న సంగతిని పరిశోధకులు శేషాద్రి, గురురాజ, బిక్‌ఫోర్డ్ 2014లో వెల్లడించారు.

చీకటి పడ్డాక వెదురు పొదల నుంచి వినవచ్చే పిలుపు ఆకుల మీది నుంచి కాక కాండం లోపలి నుంచి వస్తుంది. ఓక్లాండ్రా ట్రావన్‌కోరికా అనే ఆ సన్నపాటి వెదురులో, రెండు కణుపుల నడుమ బోలుగా ఉన్న చోట, పురుగులో ఎలుకలో చేసిన ఇరుకైన చీలిక ఉంటే, కప్ప దానిలో ఒళ్లు ఇరికించుకుని లోపలికి దూరుతుంది. చీలికలోంచి టార్చి వెలుగు వేసి చూసినప్పుడు, లోపలి గోడకు అంటుకుని ఉన్న గుడ్లు కొద్దిపాటివే కనిపించాయి. పారదర్శకంగా ఉన్న ఒక గుడ్డులో కాళ్లు ఏర్పడిన బుల్లి కప్ప స్పష్టంగా తెలుస్తోంది. తోకకప్ప దశ అంతా గుడ్డులోనే గడిచిపోతుంది కనుక దీనికి చెరువు అక్కరలేదు, అయితే ఆ బొంగులోని తేమ మాత్రం తప్పనిసరి.

గుడ్లకు కాపలా ఉండేది మగ కప్ప. దానిని అక్కడి నుంచి తప్పించి చూసిన పరిశోధనలో గుడ్లు ఎక్కువగా నాశనమయ్యాయి. వాటిని తినేసినవాటిలో అదే జాతికి చెందిన ఇతర మగ కప్పలు ముఖ్యమైనవి. తండ్రి కాపలా ఎంత అవసరమో ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరని నాకు అనిపిస్తుంది.

అందువల్ల ఈ కప్పకు నీటితో బంధం తెగినా, వెదురుతో బంధం మరింత బిగిసింది. కప్ప తనంతట తాను బొంగుకు రంధ్రం చేయలేదు. సరైన చోట చీలిక ఉన్న పచ్చి కాండం దొరకాలి. కేరళలో ఇదే వెదురును చాపలకు, బుట్టలకు, కాగితపు గుజ్జుకు కోస్తారు. ఆ కోతను ఆపమనడం అల్లికపై బతికే కుటుంబాలకు అన్యాయం. సంతానోత్పత్తి కాలంలో కోత మానుకోవడం, చీలికలున్న కాండాలను వదిలిపెట్టడం సాధ్యమైన పనులేనని నా అభిప్రాయం.

మీరు అక్కడికి వెళ్లదలిస్తే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. కప్ప పిలుపు వినిపించినా బొంగును చీల్చి చూడకండి. చీల్చిన కాండం ఎండిపోయి, లోపలి గుడ్లు పనికిరాకుండా పోతాయి.