ఏడో తరగతి అయిపోయింది, పాపను హైస్కూల్‌కు పంపాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా పాపకు పుట్టినప్పటి నుంచి కాళ్లలో బలం తక్కువ, చేతికర్రతో నడుస్తుంది. సదరం (వైకల్య ధ్రువపత్రం)లో వైకల్యం 60 శాతం అని రాశారు. ఊరి బడిలో ఏడో తరగతి అయిపోయింది. హైస్కూల్ ఆరు కిలోమీటర్ల దూరం. ఇంట్లోనే ఉంచి ఓపెన్ టెన్త్ కట్టిద్దామని మా ఆయన అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: హైస్కూల్లోనే చేర్పించండమ్మా. ఓపెన్ టెన్త్‌కు విలువ లేదని కాదు, లెక్కలు, సైన్స్ ఇంట్లో ఎవరు చెప్తారు? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కుంది. ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు.

చేర్పించే ముందు పాపను తీసుకెళ్లి అక్కడి బాత్రూమ్ చూపించండి. చదువు వచ్చిన ఆడపిల్లలు కూడా, పొద్దంతా నీళ్లు తాగకుండా బిగబట్టుకుని కూర్చోలేక బడి మానేస్తున్నారు. గడప దాటగలదా, కర్రతో లోపల తిరిగే చోటుందా, కమోడ్ ఉందా, లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు రాడ్ ఉందా, గడియ పడుతుందా, నెలసరి రోజుల్లో నీళ్లు చేతికి అందుతాయా? పాపే లోపలికి వెళ్లి చూసి చెప్పాలి. లేనివన్నీ రాసి హెడ్‌మాస్టర్‌కు, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు ఇవ్వండి, మీ కాపీ మీద సంతకం తీసుకోండి. ఎనిమిదో తరగతి మేడ మీద ఉంటే కింది గదికి మార్చమని కూడా అందులోనే అడగండి. దానికి పైసా ఖర్చు కాదు.

పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు అక్కర్లేదు కానీ, ఆ మెట్లు పాపకు కష్టమే. ఆటో మాట్లాడుకోవాల్సి వస్తే, మీ మండలంలో దివ్యాంగ పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో టీచర్‌ను కలవండి. బడి చదువుల కోసం ఉన్న ప్రభుత్వ పథకం సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకు ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉన్నాయి. ఫిజియోథెరపీ గురించి కూడా అక్కడే అడగండి.

టెన్త్ తర్వాత ఏంటన్న టెన్షన్ మీ ఆయనకు వద్దు. ప్రభుత్వ కాలేజీల్లో పైచదువులకు ఇలాంటి పిల్లలకు 5 శాతం సీట్లున్నాయి. పాలిటెక్నిక్‌లో చేరితే దివ్యాంగ విద్యార్థులకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) ఇచ్చే సక్షమ్ స్కాలర్‌షిప్‌కు పెట్టుకోవచ్చు, ఏడాదికి 50,000 రూపాయలు. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఇప్పుడే తీసుకోండి. అందులో, ఆధార్‌లో, బడి రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. టెన్త్ మెమో వచ్చాక మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.