చేతి రేడియోకు ఏ కేబుల్ కొనాలి?

ప్రశ్న: ఈమధ్యే నాకు హ్యామ్ (అభిరుచిగా రేడియో ప్రసారాలు చేసే) లైసెన్సు వచ్చింది. బావోఫెంగ్ యూవీ-5ఆర్ రేడియో వాడుతున్నాను. ఛానెళ్లను కంప్యూటర్ ద్వారా నింపుకుందామని తక్కువ ధరలో ఒక ప్రోగ్రామింగ్ కేబుల్ తెప్పించాను. విండోస్ డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌కు తగిలించిన పరికరాల జాబితాలో) దాని పక్కన పసుపుపచ్చ హెచ్చరిక గుర్తు కనిపిస్తోంది. రేడియోలో ఛానెళ్లు నింపే చర్ప్ సాఫ్ట్‌వేర్‌కు రేడియో అందడం లేదు. లోపం దేనిది? ఎలాంటి కేబుల్ కొనాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రేడియోను అనుమానించే ముందు, దాన్ని తగిలించకుండా కేబుల్ ఒక్కదాన్నే కంప్యూటర్‌కు పెట్టి చూడండి. అప్పుడు కూడా ఆ గుర్తు కనిపిస్తే లోపం కేబుల్‌లోని చిప్‌లోనో, దాన్ని కంప్యూటర్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లోనో ఉన్నట్టు.

యూవీ-5ఆర్ తన స్పీకర్, మైకు సాకెట్ల గుండానే సీరియల్ పద్ధతిలో (ఒక్కో బిట్‌గా వరుసగా) సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకుంటుంది కనుక, యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిప్ కేబుల్‌లోనే ఇమిడి ఉండాలి. చౌక కేబుళ్లలో తరచుగా కనిపించేది ప్రోలిఫిక్ కంపెనీ పీఎల్2303 చిప్‌కు నకలు, లేదా ఆ కంపెనీయే తయారీ మానేసిన పాత రకం. ప్రోలిఫిక్ కొత్త డ్రైవర్లు ఈ రెండింటినీ తిరస్కరిస్తాయి. అందువల్ల నిన్నటిదాకా చక్కగా పనిచేసిన కేబుల్ కూడా, విండోస్ తనంతట తాను డ్రైవర్‌ను అప్‌డేట్ చేసుకున్నాక మొరాయించవచ్చు. 'కోడ్ 10' అని గానీ, ఆ చిప్‌ను 2012 నుంచి నిలిపివేశామని గానీ సందేశం వస్తే కారణం ఇదే. పాత డ్రైవర్‌ను ఎంచుకుంటే చాలాసార్లు పని జరుగుతుంది, కానీ విండోస్ మళ్లీ కొత్తదాన్ని తెచ్చిపెట్టే అవకాశం ఉంది.

కొత్తది కొనదలిస్తే, చిప్ పేరు స్పష్టంగా చెప్పే విక్రేత దగ్గర ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్న కేబుల్ తీసుకోవడం మేలని నా అభిప్రాయం. దానికీ నకళ్లు ఉన్నాయి కనుక మరీ తక్కువ ధర చూసి ఆశపడవద్దు. అంత ఖర్చు వద్దనుకుంటే సీహెచ్340 చిప్ ఉన్నదీ సరిపోతుంది.

ప్లగ్గు ఆకారాన్ని మాత్రమే నమ్మకండి. 3.5, 2.5 మిల్లీమీటర్ల జంట పిన్నులతో ఉండే ఈ కెన్‌వుడ్ తరహా ప్లగ్గే టీవైటీ ఎండీ-380 వంటి డిజిటల్ రేడియోల కేబుల్‌కూ ఉంటుంది; అయితే ఆ రేడియోల్లో యూఎస్‌బీ ఏర్పాటు లోపలే ఉంటుంది కాబట్టి వాటి కేబుల్‌లో చిప్ ఉండదు, వట్టి తీగలే ఉంటాయి. చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని బదులు మరొకటి పనికిరాదు.

చిప్ సరైనదై, డివైస్ మేనేజర్‌లో కేబుల్ పోర్టు నంబరు కూడా కనిపిస్తూ ఉండి, రేడియో మాత్రం స్పందించకపోతే, ప్లగ్గు పూర్తిగా దిగలేదేమో చూడండి. యూవీ-5ఆర్‌లో ఇది తరచు వచ్చే ఇబ్బంది. రేడియో ఆపి, ప్లగ్గును గట్టిగా చివరిదాకా నొక్కి, ఆ తరువాత ఆన్ చేయండి. ప్లగ్గు తొడుగు అంచు అడ్డుపడుతుంటే దాన్ని కాస్త చెక్కవలసి రావచ్చు.

కేబుల్ పనిచేయగానే ముందు రేడియోలోని సమాచారాన్ని కంప్యూటర్‌లోకి దించి, ఆ ఫైలును మార్చకుండా భద్రపరచండి. ఛానెళ్లు రాసేటప్పుడు ప్రసార పౌనఃపున్యాలను మన దేశంలో హ్యామ్‌లకు కేటాయించిన 144–146, 434–438 మెగాహెర్ట్జ్‌లలో, మీ లైసెన్సు అనుమతించిన మేరకే ఉంచండి. ఈ రేడియో ఆ హద్దులు దాటి కూడా ప్రసారం చేయగలదు, దాన్ని అదుపులో ఉంచవలసిన బాధ్యత మీదే.