చెరిపిన గీతను దాచకు

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కాలేజీలో తోటివాళ్లంతా వీడియోలూ, గదిలో వస్తువులు అమర్చి చూపే ఇన్‌స్టలేషన్లూ చేస్తుంటే ఇంకా బొగ్గూ పెన్సిలూ పట్టుకుని కూర్చోవడమెందుకని అడిగావు. అడగాల్సిన ప్రశ్నే. డ్రాయింగ్ అంటే పెయింటింగ్‌కు ముందు వేసే చిత్తు అనీ, రంగు పడ్డాక గీత కనబడకూడదనీ ముప్పై ఏళ్లు బడిలో చెప్పినవాణ్ణి. తప్పు చెప్పాను.

నీకు వీడియో ఇష్టం కాబట్టి ముందు విలియం కెంట్రిడ్జ్‌ను చూడు. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌కు చెందిన చిత్రకారుడు. 1989లో మొదలుపెట్టిన యానిమేషన్ చిత్రాల్లో ఆయన ఫ్రేముకో బొమ్మ వేయలేదు. ఒక్కో దృశ్యానికి ఒకటే పెద్ద కాగితం. బొగ్గుతో కాస్త గీస్తాడు, కెమెరా దగ్గరికి నడిచి ఒకటి రెండు ఫ్రేములు తీస్తాడు, వెనక్కి వచ్చి కొంత చెరిపి మళ్లీ గీస్తాడు. బొగ్గు పూర్తిగా చెరగదు కదా! మనిషి కదిలి వెళ్లిన దారంతా బూడిదరంగు మరకగా మిగిలిపోతుంది. వర్ణవివక్షను చూసిన దేశంలో జరిగినదాన్ని తుడిచేయడం ఎవరి తరం? ఆ మాట అక్కడ మరకే చెబుతుంది.

నువ్వూ చేసి చూడు. నెల రోజులు ఒక్క కాగితమే. రోజూ మార్చు, సాయంత్రం ఫోనుతో ఒక ఫోటో తీయి. పాడైపోయిందని కొత్త కాగితం తీశావో, మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క.

ఆ తర్వాత శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ వేసేవాళ్ల పక్కన రెండు రోజులు కూర్చో. అక్కడ పద్ధతి పూర్తిగా వేరు. వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ రంగు దింపుతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో నానబెట్టి చేసిన రంగు అది. కరక్కాయ పట్టించిన బట్టకు తగలగానే నల్లబడుతుంది. ఇక చెరపడం లేదు. నొక్కు ఎక్కువైతే గీత ఉబ్బుతుంది, తక్కువైతే తెగుతుంది. ఆ చేతిలో భయం ఉండదు, తొందరా ఉండదు.

బరోడాలో పాఠాలు చెప్పిన చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ బొమ్మలు దొరికితే వదలకు. మనిషి లేడు, చెట్టు లేదు, రంగు దాదాపు లేదు. స్కేలు పెట్టి గీసిన సన్నని సిరా, పెన్సిలు గీతలే. అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. 1968లో అమెరికా చిత్రకారుడు సాల్ లెవిట్ గోడల మీదే గీయడం మొదలుపెట్టాడు. తర్వాత్తర్వాత సూచనలు తాను రాసిస్తే గీతలు వేరేవాళ్లు గీసేవారు. నాకది అంతగా రుచించదు, చెయ్యి మనది కావాలనే పాతకాలపు మనిషిని. నీకు నచ్చవచ్చు.

దసరాకు వచ్చేటప్పుడు ఆ కాగితం చుట్టి తీసుకురా. బొగ్గు రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ కొట్టకు. బస్సులో కొంత బొగ్గు రాలితే రాలనీ.

మీ మామయ్య